హార్ట్‌ఫర్డ్ డేరా ముచ్చట

సర్కస్ డేరాలో ఈల వెయ్యకూడదు, తెలుసా? జనం వేసే ఈలల మాట కాదు. డేరా వెనక ఆటగాళ్లు మొహాలకి రంగులు పూసుకుని బట్టలు మార్చుకునే చోట ఎవడైనా కొత్తవాడు పెదవులు సున్నా చుడితే చాలు, పాతకాపులు వాణ్ణి బయటికి గెంటేవాళ్లు. అక్కడ వేరుసెనక్కాయలు తినకూడదు. బయట జనానికి పొట్లాలకి పొట్లాలు అమ్ముకోవచ్చు, లోపల తొక్క పడితే మాత్రం ఎవరికో కీడు. ఏనుగు బొమ్మ పెట్టుకుంటే తొండం పైకెత్తే ఉండాలి. ఇన్ని పట్టింపులు మా నాయనమ్మకి కూడా ఉండేవి కావు. ఆవిడ పిల్లితోనూ బల్లితోనూ సరిపెట్టుకునేది.

అన్నిటికన్నా పెద్ద పట్టింపు ఇంకోటుంది. ఊళ్లో ఆట ఉందని చాటించాక ఆడకుండా మానెయ్యడం మహా అపశకునం. వానొచ్చినా, వరదొచ్చినా ఆడి తీరాల్సిందే. నవ్వకు. పట్టు తప్పితే ప్రాణం పోయే బతుకు వాళ్లది. అలాంటివాళ్లకి శకునాలు ఎక్కువే ఉంటాయి. మా భీమిలి జాలర్లు తెప్ప దించే ముందు ఎన్ని చూసుకునేవారో! సరే, ఆ ముచ్చట ఇంకోనాడు.

1944 జులై 5. రింగ్లింగ్ బ్రదర్స్ అండ్ బార్నమ్ అండ్ బెయిలీ సర్కస్ ప్రావిడెన్స్ నుంచి కనెక్టికట్‌లోని మన హార్ట్‌ఫర్డ్‌కి రావాలి. పేరే అంత పొడుగుంటే రైలు ఎంత పొడుగుండాలో ఊహించుకో. యుద్ధం రోజులవి. పట్టాల మీద సిపాయిల రైళ్లు, సామాను రైళ్లు తిరుగుతుంటే కోతులకీ కోణంగులకీ దారెవడిస్తాడు? ఆలస్యంగా చేరారు. బార్బర్ స్ట్రీట్ ఖాళీ జాగాలో డేరా లేపేసరికి మధ్యాహ్నం ఆట వేళ దాటిపోయింది. ఆట రద్దు. డేరా వెనక గుసగుసలు మొదలయ్యాయి. ఆ రాత్రి ఆట మాత్రం నిక్షేపంగా జరిగింది. ‘చూశారా, ఏం కాలేదు’ అన్నవాళ్లూ ఉండే ఉంటారు. ప్రతి గుంపులోనూ అలాంటివాడు ఒకడుంటాడు. మనింట్లో నువ్వు లేవూ?

సర్కస్ అంటే మా విజయనగరం వైపు వాళ్లకి చుట్టరికం లాంటిది. వీరఘట్టంలో పుట్టిన కోడి రామమూర్తి నాయుడు గారు, కలియుగ భీముడు, మా ఊరి నుంచే సర్కస్ కంపెనీ నడిపారు. గుండె మీద ఏనుగుని నిలబెట్టుకునేవారు, ఛాతీకి చుట్టిన ఇనప గొలుసుని ఊపిరి బిగబట్టి తెంపేవారు. నేను ఆయన్ని చూడలేదులే, నేను పుట్టేటప్పటికే పోయారు. కానీ మా నాన్న చెప్పిన తీరుకి నేను చూసినట్టే లెక్క. నా చిన్నతనంలో ఏ సర్కస్ వచ్చినా నేల టిక్కెట్టు నాలుగణాలు. ఆ నాలుగణాలు లేనప్పుడు ఏనుగులకి నీళ్లు మోసి పాసు సంపాదించేవాళ్లం. ఇక్కడికొచ్చాక తెలిసింది, అమెరికా పిల్లలదీ అదే కథట. బాల్టీతో నీళ్లు మొయ్యడం, లోపలికి దూరడం. ఏనుగుకి దాహం వెయ్యాలే గానీ ఏ దేశంలోనైనా పిల్లలకి పాసులు దొరికేవి.

ఏం చెబుతున్నాను? ఆ, యుద్ధం. ఆ రోజుల్లో అమెరికాలో కూడా కంట్రోలేనయ్యా. పంచదారకి కూపన్లు, బూట్లకి కూపన్లు. పెట్రోలు సంగతి చెప్పనే అక్కర్లేదు. మామూలు కారుకి వారానికి మూడు నాలుగు గ్యాలన్లు ఇస్తే గొప్ప. గంటకి 35 మైళ్లు దాటి నడపకూడదు, టైర్లు అరిగిపోతాయని. కోకాకోలా సీసా అయిదు సెంట్లు, ఉత్తరానికి బిళ్ల మూడు సెంట్లు. ఇళ్ల పక్కన, ఖాళీ స్థలాల్లో జనం కూరగాయలు పండించుకునేవాళ్లు. దాన్ని విక్టరీ గార్డెన్ అని గొప్పగా చెప్పుకునేవారు. మా అమ్మకి చెబితే ‘పెరట్లో బీరపాదుకి ఇంత పేరా’ అని నవ్వేది. మగవాళ్లలో చాలామంది యుద్ధానికి వెళ్లారు. నార్మండీలో సేనలు దిగి అప్పటికి నెల. ఇళ్లల్లో తల్లులు, అమ్మమ్మలు, పిల్లలు. వాళ్లకి ఒక్క మధ్యాహ్నం నవ్వుకోడానికి సర్కస్ వచ్చింది.

సర్కస్‌లోనూ మనుషులకి కరువే. డేరా మేకులు కొట్టే కుర్రాళ్లు తుపాకులు పట్టుకుని వెళ్లిపోతే, దొరికినవాణ్ణి దొరికినట్టు పనిలో పెట్టుకున్నారు. రోజూ రైలు దిగడం, డేరా వెయ్యడం, రెండు ఆటలు ఆడటం, డేరా పీకడం, మళ్లీ రైలెక్కడం. ఆ పని చేసేవాళ్లకి ఊళ్లో పరువుండేది కాదు. తాడిచెట్టు కింద పాలు తాగినా కల్లంటారు కదా, సర్కస్ వచ్చిన రోజు ఎవరి పెరట్లో కోడి పోయినా సర్కస్ వాళ్ల మీదికే పోయేది.

ఇప్పుడు ఆ డేరా గుడ్డ సంగతి వినాలి. వాన నీళ్లు లోపలికి దిగకుండా సరసోటాలో, అంటే ఫ్లోరిడాలో వాళ్ల శీతకాలపు మకాంలో, గుడ్డకి మైనం పట్టించారు. మైనం ఊరికే పట్టదుగా, పల్చన చెయ్యాలి. దేంతో? పెట్రోలుతో! 1,800 పౌండ్ల మైనం, 6,000 గ్యాలన్ల పెట్రోలు. ఊరి జనం వారానికి మూడు గ్యాలన్ల కోసం వరసలు కడుతుంటే డేరా అన్ని గ్యాలన్లు తాగింది. అంటుకోకుండా చేసే మందు లేదా అంటే ఉంది, అది సైన్యానికి కేటాయించారు. సర్కస్ వాళ్లకి దక్కలేదు. కొండనాలిక్కి మందేస్తే ఉన్న నాలిక ఊడిందని, వానకి చేసిన వైద్యం అది.

తెలియని అమాయకులు కూడా కాదు వాళ్లు. రెండేళ్ల ముందే, 1942 ఆగస్టులో, క్లీవ్‌లాండ్‌లో ఇదే కంపెనీ జంతువుల డేరా తగలబడింది. మనుషులెవరూ పోలేదు గానీ ఎన్నో జంతువులు కాలిపోయాయి. ఆ ఘోరాన్ని చూసిన పనివాళ్లలో కొందరు హార్ట్‌ఫర్డ్‌కీ వచ్చారు. ఈలల మీద, వేరుసెనగ తొక్కల మీద అంత కన్నేసి ఉంచినవాళ్లు నెత్తిన ఉన్న గుడ్డ కేసి ఎందుకు చూడలేదంటావా? నాకదే ఇప్పటికీ బోధపడదు. మనిషి ఎప్పుడూ చిన్నవాటికే భయపడతాడు, పెద్దది కళ్లకి ఆనదు.

జులై 6, గురువారం. ఎండ మండుతోంది. మధ్యాహ్నం ఆటకి సుమారు ఏడు వేల మంది వచ్చారు. ఆల్ఫ్రెడ్ కోర్ట్ గారి క్రూరమృగాల ఆట అప్పుడే అయ్యింది. అన్నట్టు, మన పూనా నుంచి వచ్చిన దాము ధోత్రే అంతకు కొన్నేళ్ల ముందు ఈ కోర్ట్ గారితోనే రింగ్లింగ్‌లో చేరి చిరుతల్ని ఆడించాడు. ఆ రోజు బోనుల్లో ఉన్నవాళ్లు మే కోవర్ అనే ఆవిడ, జో వాల్ష్ అనే ఆయన. ఆట అవగానే జంతువుల్ని బయటికి తోలడానికి ఇనప కమ్మీల సొరంగాలు బిగించి ఉన్నాయి. అవి జనం నడిచే దారికి అడ్డంగా ఉన్నాయి. పైన వాలెండా కుటుంబం తీగ మీదికి చేరుతోంది. కింద జనం తలలు పైకెత్తి చూస్తున్నారు.

రెండూ నలభైకి అటూ ఇటూగా, పెద్ద ద్వారానికి దగ్గర్లో పక్క గుడ్డ మీద చిన్న మంట. సీట్ల కింద పనిచేసే కుర్రాళ్లు బాల్టీలు పట్టుకుని పరిగెత్తారు. ఉన్నవి ఏపాటివి! అవి అయిపోయేసరికి మంట పైకప్పు అందుకుంది.

బ్యాండు పెద్ద మెర్ల్ ఇవాన్స్ అది చూశాడు. 1919 నుంచి ఆ సర్కస్ బ్యాండు నడిపిస్తున్నవాడు. కుడి చేత్తో కార్నెట్ ఊదుతూ ఎడమ చేత్తో మిగిలినవాళ్లని నడిపించేవాడు. వాయిస్తున్న పాట చటుక్కున ఆపించి ‘స్టార్స్ అండ్ స్ట్రైప్స్ ఫరెవర్’ ఎత్తుకున్నాడు. జాన్ ఫిలిప్ సూసా కట్టిన మార్చ్ అది, అమెరికాలో పిల్లాడికి కూడా తెలిసిన బాణీ. జనం హుషారుగా విన్నారు. సర్కస్ వాళ్లకి మాత్రం దాని అర్థం వేరు. డేరాలో ఆ బాణీని ఊరికే వాయించరు. ఎక్కడో ప్రమాదం వచ్చింది, ఎవడి జాగాలో వాడు నిలబడి జనాన్ని దాటించండి అని దాని అర్థం. వెనక రంగు పూసుకుంటున్నవాడు, బయట ఏనుగు దగ్గర ఉన్నవాడు, టీ తాగుతున్నవాడు, ఆ మార్చ్ వేళకాని వేళ వినపడితే చేతిలోది పారేసి రావాల్సిందే.

రింగ్ పెద్ద ఫ్రెడ్ బ్రాడ్నా మైకు పట్టుకుని, తొక్కిసలాడుకోకుండా మెల్లగా బయటికి నడవండని చెప్పబోయాడు. కరెంటు పోయింది. ఆ గొంతు ఎవరికీ చేరలేదు.

ఇక్కడ కాస్త నిదానంగా విను. మనిషి భయపడితే ఎటు పరిగెడతాడు? వచ్చిన దారికే. పక్కనే ఇంకో దారి ఉన్నా కనపడదు. ఆ రోజు జనంలో చాలామంది తాము లోపలికొచ్చిన పెద్ద ద్వారం వైపే ఉరికారు, మంట మొదలైందే అటు. రెండో వైపు వెళ్లినవాళ్లకి జంతువుల ఇనప సొరంగాలు అడ్డం. మధ్యలో మడత కుర్చీలు నేలకి బిగించలేదు, కాలు తగిలితే పడతాయి, పడ్డవాటి మీద మనుషులు పడతారు. పైనుంచి మైనం కరిగి మండుతూ కారింది. ఎనిమిది నిమిషాలు, అంతే. తాళ్లు తెగి వాసాలు ఒకదాని తర్వాత ఒకటి ఒరిగిపోయాయి, మిగిలిన గుడ్డంతా కిందికి దిగిపోయింది. నేను చెప్పడానికి పట్టినంత సేపు కూడా కాలేదు.

గుడ్డగోడ కింద నుంచి దూరి బయటపడినవాళ్లు చాలామంది. ఓ పదమూడేళ్ల కుర్రాడు జేబులో చేపల వేటకి పెట్టుకున్న కత్తి తీసి పక్కగుడ్డని నిలువునా చీల్చాడు. ఆ చీలికలోంచి ఎంతోమంది బయటికొచ్చారు. ఏడు వేల మంది పెద్దలూ పిల్లలూ ఉన్న చోట, తలుపు లేకపోతే తలుపు చేసుకోవచ్చని తట్టింది చేపలు పట్టుకునే పిల్లాడికి.

సర్కస్ వాళ్లు తర్వాత చెప్పుకున్న ముచ్చట్లన్నిట్లోనూ ఒక బరువుంది. వాలెండాలు తాళ్ల మీంచి జారి కిందికొచ్చారు, ఇనప సొరంగం దగ్గర జనం చిక్కుకుని ఉంటే దాని మీదికెక్కి అవతలికి దూకేశారు. తమకది రోజూ చేసే పని. పక్కన పిల్లాణ్ణి ఎత్తుకుని ఉన్న తల్లికి కాదు. ఆ తేడా వాళ్లని వదల్లేదు. మే కోవర్ చిరుతలన్నీ సొరంగంలోకి పోయేదాకా కదల్లేదు. అవి జనం మీదికి వస్తే ఏమయ్యేదో నువ్వే ఆలోచించు. ఇవాన్స్ మనుషులు తలమీద వేడి తట్టుకోలేనంత వరకు వాయిస్తూనే ఉన్నారు. మావటీలు ఏనుగుల్ని తోలుకుని బయటికి పోయారు. జంతువుల్లో ఒక్కటీ చావలేదు, ఆటగాళ్లలో ఒక్కరూ చావలేదు. చచ్చిపోయినవాళ్లంతా టిక్కెట్టు కొనుక్కుని వచ్చినవాళ్లే. 167 మంది అని కొందరు, 168 అని కొందరు లెక్క చెబుతారు. సగానికి పైగా పిల్లలు. గాయపడ్డవాళ్లు వందల్లో.

ఎమెట్ కెల్లీ అని ఓ కోణంగి ఉండేవాడు. ‘వియరీ విల్లీ’ అని చిరిగిన కోటు, మాసిన గడ్డం, దిగాలు మొహం వేషం. అందరూ నవ్వించే కోణంగులైతే ఈయన ఏడుపు మొహంతో నవ్వించేవాడు. ఆయన ఆ వేషంతోనే, ఆ పెద్ద పెద్ద బూట్లతోనే నీళ్ల బాల్టీ పట్టుకుని పరిగెత్తుతుంటే ఎవరో ఫోటో తీశారు. అమెరికా అంతా చూసింది దాన్ని. నీ ఫోనులో ఉంటుంది, తర్వాత చూడు, ఇప్పుడు కాదు. ఆ బాల్టీ ఎంతుంటుంది? చెయ్యి కడుక్కోడానికి సరిపోతుంది. ఆ మంట ముందు అది ఏ మూలకని ఆయనకి తెలియదా? తెలిసీ పట్టుకుపోయాడు.

చేతులు కాలాక ఆకులు పట్టుకోవడం ఎక్కడైనా ఒకటే. విచారణలు మొదలయ్యాయి. ఇంకో విడ్డూరం, రాష్ట్ర పోలీసు కమిషనర్ హిక్కీ గారే ఆ రోజు చుట్టాల పిల్లల్ని వెంటేసుకుని ఆట చూడ్డానికి వచ్చి ఉన్నాడు. ఆయన తేల్చింది ఎవరో పారేసిన సిగరెట్టు అని. 1950లో ఓహాయోలో, ఒకప్పుడు సర్కస్‌లో కూలిపని చేసిన ఒకడు నేనే అంటించానన్నాడు, తర్వాత కాదన్నాడు. తొంభైల్లో మళ్లీ తవ్వి, కారణం తేలలేదని రాసుకున్నారు. అగ్గిపుల్ల ఎవరిదైతేనేం, గుడ్డ మాత్రం అందరి కళ్ల ముందే ఉంది.

తిలా పాపం తలా పిడికెడు అంటారు గానీ అక్కడ పిడికిళ్లన్నీ సర్కస్ వాళ్ల దోసిట్లోనే పడ్డాయి. కంపెనీ ఉపాధ్యక్షుడు జేమ్స్ హేలీతో పాటు కొందరు అధికారులు, డేరా పనివాళ్ల మేస్త్రీ లాంటివాళ్లు కేసులో ఇరుక్కున్నారు. తనిఖీ చెయ్యకుండా పర్మిషన్ ఇచ్చిన ఊరివాళ్లలో ఎవరూ జైలు మొహం చూడలేదు. కోర్టు కూడా ఓ చిత్రమైన పని చేసింది. ముద్దాయిలే లేకపోతే వచ్చే ఏడాది సర్కస్ కదలదు, కదలకపోతే బాధితులకి డబ్బు రాదు అని, జైలుకి పంపే ముందు వాళ్లకి సరసోటా వెళ్లి సర్కస్‌ని సిద్ధం చేసుకునే వ్యవధి ఇచ్చింది. హేలీ గారు జైలుకెళ్లి వచ్చి, కొన్నాళ్లు ఆ సర్కస్‌కే అధ్యక్షుడై, ఆ తర్వాత ఫ్లోరిడా నుంచి కాంగ్రెసుకి నెగ్గి 1953 నుంచి 1977 దాకా కూర్చున్నాడు. డేరా మేకులు కొట్టినవాళ్లకి అలాంటి యోగం పట్టినట్టు నేనెక్కడా వినలేదు.

డబ్బు మాత్రం కట్టారు, అది ఒప్పుకోవాలి. హార్ట్‌ఫర్డ్ అంటే ఇన్సూరెన్సు కంపెనీల ఊరు కదా, వకీళ్లకి లోటేముంది. లాయర్లు కూర్చుని, ఎవరికి వారు కోర్టుకెక్కి కంపెనీని ముక్కలు చేస్తే ఎవరికీ ఏమీ మిగలదని తేల్చి, సర్కస్‌ని ఆడనిచ్చి దాని లాభాల్లోంచి వసూలు చేశారు. దాదాపు 50 లక్షల డాలర్లు, 1954 నాటికి తీరాయి. అంటే పదేళ్లు ఆ ఆటగాళ్లు వేసిన ప్రతి పిల్లిమొగ్గా హార్ట్‌ఫర్డ్ బాకీ కింద జమ.

శవాల్ని బ్రాడ్ స్ట్రీట్‌లోని ఆర్మరీలో పెట్టారు. అక్కడ ఒక పాపని గుర్తుపట్టడానికి ఎవరూ రాలేదు. మొహం పెద్దగా చెదరలేదు కూడా. ఆమె నెంబరు 1565. అదే పేరైపోయింది. ఇద్దరు పోలీసు డిటెక్టివులు ఏటా ఆ సమాధి మీద పూలు పెడుతూ వచ్చారు. వాళ్లకేం చుట్టరికం లేదు. 1991లో ఫలానా పిల్ల అని ఒక పేరు తేల్చారు. కాదని వాదించేవాళ్లూ ఉన్నారు.

నేను డెబ్బైల్లో ఈ రాష్ట్రానికి వచ్చినప్పుడు, నా ఆఫీసులో ఓ పెద్దావిడ ఉండేది. సినిమాకైనా, గుడికైనా, అదే, చర్చికైనా, చివరి కుర్చీలోనే కూర్చునేది. కారణం చాలా ఏళ్లకి గానీ చెప్పలేదు. నటుడు చార్లెస్ నెల్సన్ రైలీ కూడా చిన్నప్పుడు ఆ డేరాలోంచి బయటపడ్డవాడే. జీవితమంతా నాటకాల్లో బతికి కూడా జనంలో కూర్చుని నాటకం చూడటమంటే ఆయనకి ప్రాణం మీదికొచ్చేదట. మన బెంగుళూరులో 1981 ఫిబ్రవరిలో వీనస్ సర్కస్ డేరా తగలబడి ఎంతమంది పిల్లలు పోయారో పేపర్లో చదివిన రోజు, మా ఆఫీసు పెద్దావిడ నా బల్ల దగ్గరికొచ్చి, మీ ఊరికి ఎంత దూరం అని అడిగింది. చాలా దూరమన్నాను.

ఇంకో మాట. జులై 4న పార్కులో బాణాసంచా కాల్చేటప్పుడు బ్యాండు వాయించే మార్చ్ ఉందే, అది సూసాదే. 1987లో దాన్నే జాతీయ మార్చ్‌గా చట్టం చేశారు. నువ్వు హాట్‌డాగ్ తింటూ కాలితో తాళం వేస్తావు. పాత సర్కస్ వాళ్లు జులై 4న ఊళ్లో ఉంటే ఎటు చూసేవారో, చెవులు మూసుకునేవారో మరి. రెండ్రోజులు తిరిగితే జులై 6.

సర్కస్ ఆగలేదులే. ఆ ఆగస్టులోనే ఓహాయోలో అక్రన్ ఊరి స్టేడియంలో, నెత్తిన గుడ్డ లేకుండా ఆరుబయట ఆడారు. తర్వాత అంటుకోని గుడ్డ కుట్టించుకున్నారు. 1956 జులైలో పిట్స్‌బర్గ్ దగ్గర ఆఖరి ఆట ఆడి డేరాకే దణ్ణం పెట్టేశారు. ఇక అన్నీ సిమెంటు గోడల, ఇనప కప్పుల హాళ్లలోనే. డేరా లేపే వందల మందికి పని పోయింది. అయినా ఇంక నిప్పు భయం లేదు కదా అని అందరూ ఊపిరి పీల్చుకున్నారు. హార్ట్‌ఫర్డ్ వాళ్లు కూడా 1975లో సివిక్ సెంటర్ అని బ్రహ్మాండమైన హాలు కట్టారు. అంతా ఉక్కే, మైనం చుక్క లేదు. 1978 జనవరిలో ఒక రాత్రి బాస్కెట్‌బాల్ ఆట చూసి అయిదు వేల మంది ఇళ్లకెళ్లి పడుకున్నారు. తెల్లవారుజామున ఆ ఉక్కు కప్పంతా మంచు బరువుకి దబ్బున కూలింది. లోపల ఎవరూ లేరు. మర్నాడు నేనూ వెళ్లి చూసొచ్చాను, ఊరంతా అక్కడే ఉంది.